కుంటే గొర్రెకు పచ్చ రంగు

ఆరోగ్యంగా ఉన్న గొర్రెను కోస్తే కొట్టుకు తాళం వేస్తామని మా ఊళ్లో దండోరా వేయించారు. నేను అబద్ధం చెప్పడం లేదు. అబద్ధమే చెప్పాలనుకుంటే ఇంతకంటే నమ్మేలా చెప్పివుందును.

నా పేరు దస్తగిరి. ఉప్పరవంకలో సంతకు పోయే దారిలో మాంసం కొట్టు నాది. మా నాయన కాలం నుంచీ మాకు రెండే నియమాలు. జబ్బు చేసిన జీవాన్ని కోయం. తనంతట తాను చచ్చినదాన్ని అసలు ముట్టం, అది మాకు హరాం. ఆ నమ్మకం మీదే పక్క ఊళ్లవాళ్లు కూడా నా కొట్టుకు వస్తారు. అలాంటి నన్ను పట్టుకొని, ఇకమీదట జబ్బు లక్షణాలున్న గొర్రెలనే కోయాలని ఉత్తర్వు ఇస్తే నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది.

దీనికంతటికీ మూలం దొమ్మ రోగం. డాక్టర్లు ఆంత్రాక్స్ అంటారు. పొద్దున శుభ్రంగా మేసిన గొర్రె మధ్యాహ్నానికి కూలిపోతుంది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారుతుంది, ఎంతసేపైనా గడ్డకట్టదు. దాన్ని కోసినవాడి చేతి మీద పుండు లేచి నల్లగా మాడుతుంది. కొండకు అవతల ఏదో ఊళ్లో అట్లా చచ్చిన గొర్రెను పోగులు వేసి పంచుకొని, వండుకున్నవాళ్లంతా ఆసుపత్రి పాలయ్యారు. పేపర్లో వచ్చింది. వెంటనే పట్నంలో పెద్ద సదస్సు పెట్టారు. అందులో ఒక శాస్త్రవేత్త లేచి, "పైకి కనిపించే రోగం కన్నా లోపల దాగి ఉన్నదే ప్రమాదం" అన్నాడట. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పాపం, ఆ నిజం ఒక ఆఫీసు చేతిలో పడితే ఏ గతి పడుతుందో ఆయనకు తెలియదు.

సదస్సులో చప్పట్లు ఆగీ ఆగకముందే గుప్త రోగ నిఘా విభాగం పుట్టింది. మా ప్రాంతానికి ఒక జీపు, ఒక బోర్డు, రెండు డబ్బాల రంగు, ఉప సంచాలకులు చక్రధరం గారు మంజూరయ్యారు.

చక్రధరం గారు చదువుకున్న పశువైద్యుడు. మనిషి నిగనిగలాడుతూ, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటాడు. బడి వరండాలో ఊరందరినీ కూర్చోబెట్టి దొమ్మ గురించి చెప్పాడు. చచ్చిన జీవాన్ని కోయకూడదన్నాడు, లోతుగా పూడ్చి సున్నం చల్లాలన్నాడు, పూడ్చిన నేలలో ఆ విషబీజాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయన్నాడు. అంతా సరిగ్గా చెప్పాడు. మేమూ తలలూపాము. ఆ తర్వాత గొంతు సవరించుకొని తన విభాగం సంగతికి వచ్చాడు.

"పశుపోషక మహాశయులారా! లక్షణాలు కనిపించినచో అది గుప్త రోగం కానేరదు. కనిపించనిదే గుప్త రోగం. కావున ఏ జీవానికైతే ఎట్టి లక్షణమూ లేదో, సదరు జీవాన్ని అనుమానిత జీవంగా పరిగణించి ఎర్ర రంగు వేయబడును. లక్షణాలు గల జీవానికి పచ్చ రంగు వేయబడును. పచ్చ రంగు గలవే మేతకు, అమ్మకానికి, కోతకు అర్హములు. ఇదే నియమం జీవాలను తాకిన మనుషులకు సైతం వర్తించును."

వెనక వరసలో మాళక్క లేచి నిలబడింది. మాళక్క కురుబ ఆడమనిషి. మొగుడు పోయినప్పటి నుంచీ ఒంటిచేత్తో మందను కాస్తోంది. ఆమెకు పొలం లేదు, పుట్ర లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఆ మందే. మా ఊళ్లో అంత నిగారింపు ఉన్న మంద ఇంకొకటి లేదు. అదే ఆమె కొంప ముంచింది.

"అంటే సారూ, బాగుండే గొర్రెకే జబ్బుండాది అంటావు?"

"ఉందని నేను అనలేదమ్మా. లేదని రుజువు కాలేదంటున్నాను."

"మరి కుంటేదానికి?"

"కుంటుతున్నదంటే దాని బాధ ఏమిటో బహిరంగంగా తెలియజేస్తోంది. దాచుకున్నదేమీ లేదు. సదరు గొర్రె నిజాయితీ గలది."

మాళక్క నా వైపు తిరిగి, "దస్తగిరీ, ఈ సారుకు పిచ్చా, నాకు పిచ్చా?" అంది. గొంతు తగ్గించి మాట్లాడడం ఆమెకు పుట్టుకతో రాదు. వరండా అంతా నవ్వింది. చక్రధరం గారు కూడా నవ్వి, మర్నాడు రంగు వేయడం మాళక్క మందతోనే మొదలుపెట్టాడు.

ఒక్కొక్క గొర్రెనూ పట్టి నాలుక చూశారు, కన్ను చూశారు, తోక ఎత్తి చూశారు. ఏ లోపమూ కనబడని ప్రతిసారీ చక్రధరం గారు తల పంకించి "ఘోరం" అనేవాడు. అటెండరు ఎర్ర రంగు పూసేవాడు. మంద మొత్తానికీ ఎరుపే. ఒక్క ముసలి గొర్రె మాత్రం ముల్లు గుచ్చుకొని కుంటుతూ వచ్చింది. చక్రధరం గారి మొహం విప్పారింది. "చూశారా, ఆదర్శ జీవం!" అని దాని నెత్తి నిమిరి, స్వయంగా తానే పచ్చ రంగు పూశాడు. మాళక్క ఆ గొర్రె గిట్టలోంచి ముల్లు లాగి, దాన్ని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది.

ఇంతవరకూ నవ్వులాటే. అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఎర్ర రంగు జీవాలను ఊళ్లో ఉంచకూడదట. వాటికోసం అనుమానిత జీవాల పరిశీలన దొడ్డి కట్టాలి, వాటినందులో తోలి గుప్త రోగం బయటపడేదాకా కాపలా కాయాలి. ఎప్పటికి బయటపడుతుందని నేను అడిగాను. "బయటపడినప్పుడు" అన్నాడాయన. దొడ్డికి స్థలం వెతుకుతూ జీపు ఊరి చుట్టూ తిరిగి, దొమ్మదిబ్బ దగ్గర ఆగింది.

దొమ్మదిబ్బ సంగతి చెప్పాలి. మా నాయన చిన్నప్పుడు ఊళ్లో దొమ్మ తగిలి మందలకు మందలు పోయాయి. ఆ కళేబరాలన్నింటినీ వంక అవతల ఒకేచోట పూడ్చి, సున్నం పోసి, చుట్టూ జాలిముళ్ల కంప పేర్చారు. ఆనాటి నుంచీ మా ఊళ్లో ఒక కట్టడి ఉంది. ఆ దారిన మంద తోలుకొని పోయేవాడు ఎవడైనా సరే, ఒక కంపమండ కొట్టి దాని మీద వేసి పోవాలి. పెళ్లికి ఆలస్యమైనా వేసి పోవాలి. అట్లా కంప మీద కంప పడి అది మనిషెత్తు కోట అయింది. లోపలికి మేక కూడా దూరదు. ఎవరూ మేపరు గనక ఎండాకాలంలో కూడా అక్కడ గడ్డి పచ్చగా ఉంటుంది.

చక్రధరం గారు కంప సందులోంచి తొంగి చూసి, "పుష్కలమైన పశుగ్రాసం! ప్రకృతి సిద్ధమైన కంచె! ఎవరి అభ్యంతరమూ లేని ప్రభుత్వ భూమి! ఇంత కాలం ఈ స్థలాన్ని నిరుపయోగంగా ఎలా వదిలేశారయ్యా?" అన్నాడు.

ఊరు ఊరంతా పరుగెత్తింది. అందరికన్నా ముందు మాళక్క చేరింది.

"సామీ, ఆడొద్దు. అది దొమ్మదిబ్బ. దొమ్మ తగిలి చచ్చిన గొర్లను ఆణ్ణే పూడ్చినారు. నువ్వే చెప్తివి గదప్పా మొన్న, మట్టిలో బీజాలు బతికే ఉంటాయని!"

"చెప్పాను. నూటికి నూరు పాళ్లు నిజం."

"మరి ఆ గడ్డి మేస్తే నా మంద బతుకుతాదా?"

చక్రధరం గారు ఆమె వైపు నిజంగానే జాలిగా చూశాడు. "అమ్మా, నువ్వు చెప్పేది అందరికీ తెలిసిన రోగం. ఫలానా చోట ఉంది, ఫలానా విధంగా వస్తుంది అని ఊరంతటికీ తెలుసు. కాబట్టి అది బహిరంగ రోగం. అది పశువుల ఆసుపత్రి వారి పరిధి. మాది గుప్త రోగ విభాగం. తెలిసిన రోగం జోలికి పోయే అధికారం మాకు లేదు."

"పోనీ సార్, దొమ్మకు టీకా ఉంది కదా, అదైనా వేయించండి" అన్నాను నేను.

"టీకా వేస్తే రోగం రాదు కదయ్యా. రోగమే రాకపోతే, గుప్తంగా ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? మా పరిశీలన అంతా బూడిదలో పోసిన పన్నీరు కాదూ? అందుకే మా పరిశీలన ముగిసేదాకా టీకాలు వేయవద్దని ఆసుపత్రి వారికి లేఖ రాశాము."

 మాళక్క ఒక మాట అంది గానీ, అది ఇక్కడ రాయదగినది కాదు.

మర్నాడు యంత్రం వచ్చి కంపకోటను పక్కకు తోసేసింది. దొడ్డికి గుంజలు పాతడానికి గుంతలు తవ్వారు. తవ్విన మట్టిలో తెల్లటి సున్నం పెళ్లలు, ఎముకలు పైకి తేలాయి. దొడ్డి తయారయ్యేలోగా మంద రంగు మారకపోతే మాళక్క బతుకు ఆ గడ్డిలో కలిసినట్టే. ఆ పూట ఆమె నా కొట్టు దగ్గరకు వచ్చి మెట్టు మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"దస్తగిరీ, మీ ఇంట్లో చింతగింజలుండాయా?" అంది.

గిట్టల సందులో చింతగింజ పెడితే గొర్రెకు దెబ్బా తగలదు, నెత్తురూ రాదు. అడుగు వేసినప్పుడల్లా ఒత్తుకొని కుంటుతుందంతే. మా ఇంటావిడ డబ్బా నిండా గింజలు తెచ్చి ఇచ్చింది. ఇద్దరం కూర్చొని మందంతటికీ పెట్టాము. తిరిగి తనిఖీకి వచ్చిన చక్రధరం గారి ముందు నుంచి ఆ మంద ఒకే తాళంలో కుంటుకుంటూ నడిచింది. ఆయన కళ్లు చెమర్చాయి. "ఒక్క వారంలో ఎంత పారదర్శకత!" అని అన్నింటికీ పచ్చ రంగు పూయించాడు.

ఈ సంగతి ఊళ్లో దాగుతుందా? మూడో ఇంటికి చేరేసరికి చింతపండు కొట్టేవాళ్ల ఇళ్ల ముందు జనం క్యూ కట్టారు. ఆ తర్వాతి సంతలో ధరలన్నీ తలకిందులయ్యాయి. బలిసిన పొట్టేలును అడిగే దిక్కు లేదు. దళారి ఒక బక్కగొర్రెను పట్టుకొని, "రండన్నా రండి, నాలుగు కాళ్లూ కుంటాది, మీద దగ్గు కూడా ఉండాది!" అని అరుస్తున్నాడు. ఇంకొకడు, "కుంటు ఎవురిదైనా ఉంటాది, మా గొర్రెకు కన్ను కూడా నీరు కారతాది, సూడు" అని ఉల్లిపాయ వాసన కొడుతున్న చేతిని వెనక దాచుకుంటున్నాడు. మనుషులూ తక్కువ తినలేదు. జీపు చప్పుడు వినబడితే చాలు, గొర్రెను తాకిన ప్రతివాడూ దగ్గడం మొదలుపెట్టేవాడు. మా ఊరి సర్పంచి మూలుగు మాత్రం అన్నింటికన్నా బాగుండేది.

ఇట్లా ఊరంతా జబ్బుపడి క్షేమంగా ఉండగా, చక్రధరం గారికి చిక్కు వచ్చిపడింది. దొడ్డి తయారైంది. ప్రారంభోత్సవానికి పట్నం నుంచి సంచాలకులు గారు వస్తున్నారు. దొడ్డిలో తోలడానికి మాత్రం ఊళ్లో ఒక్క ఆరోగ్యమైన గొర్రె లేదు. ఆయన బుర్రకు తట్టి, ప్రభుత్వ క్షేత్రం నుంచి నాలుగు సీమ పొట్టేళ్లను తెప్పించాడు. రోజూ గుగ్గిళ్లు తిని అద్దంలా మెరిసిపోతున్నాయవి. లక్షణమన్న మాటే లేదు. అంతకన్నా గొప్ప అనుమానితులు దొరకరు. వాటిని దొడ్డిలో పచ్చగడ్డి మీద వదిలారు. అందులో ఒకదాన్ని చక్రధరం గారు రెండు చేతులా ఎత్తుకొని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఫోటో దిగాడు. ఆ ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ చేయించి దొడ్డి గేటుకు కట్టించాడు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే ఆయన చెమటలు కక్కుకుంటూ నా కొట్టుకు వచ్చాడు. వెనక జీపులో గోనెపట్టా కప్పి ఏదో ఉంది. పట్టా అంచున నల్లటి నెత్తురు కారుతోంది. గడ్డకట్టలేదు. ఫోటోలోని పొట్టేలే అది.

"దస్తగిరీ, విందుకు దీన్ని కోసి పెట్టాలి."

"సార్! అది దొమ్మ."

"ముక్కున నెత్తురు కారింది. అంటే లక్షణం స్పష్టంగా కనిపించింది. నియమం ప్రకారం పచ్చ రంగు, కోతకు అర్హం."

"మీరు తింటారా దాన్ని?"

"నాకివాళ శనివారం. నేను తినను."

నాకు వొళ్లు మండిపోయింది. "చచ్చినదానికి నేను కత్తి పెట్టను. దొమ్మతో చచ్చినదానికి నా ప్రాణం పోయినా పెట్టను. ఊరందరూ చేతులు మాడిపోయి ఆసుపత్రిలో పడాలనా మీ ఆలోచన?" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. ఆ క్షణాన ఆ మనిషిలో ఆఫీసు లేదు, ఉత్త భయమే ఉంది. "నాకు తెలియదనుకున్నావా? నేనూ డాక్టర్నేనయ్యా. కానీ దీన్ని పూడిస్తే గుంత కనబడుతుంది. దొమ్మ ఉందని తేలితే విభాగం ఎందుకని అడుగుతారు. కూరలో కలిసిపోతే ఎవరూ అడగరు."

నేను కత్తి తీసి గూట్లో పెట్టి గొళ్లెం వేశాను. ఆయన మొహం మళ్లీ ఆఫీసు మొహమైంది. అదే సమయానికి మాళక్క మందను తోలుకొని అటు వచ్చింది. జీపులో ఉన్నదాన్ని చూసి నిలబడిపోయింది.

"నీ చింతగింజల సంగతి కూడా నాకు మొదటిరోజే తెలుసు" అన్నాడు చక్రధరం గారు ఆమెతో. "పది గంటలకు సంచాలకులు గారు వస్తారు. దొడ్డిలో ఒక పొట్టేలు తక్కువైంది. గింజలన్నీ తీసేసి నీ మంద మొత్తాన్ని గేటు దగ్గరకు తోలుకొనిరా. రాకపోతే పోలీసులతో తోలిస్తాను."

జీపు వెళ్లిపోయింది. మాళక్క అక్కడే నేల మీద కూర్చొని ఒక్కొక్క గొర్రె గిట్టలోంచీ గింజ తీసి కొంగున మూట కట్టుకుంది. ఈసారి నిజంగానే ఏడ్చింది. "పిల్లల మాదిరి సాకినాను రా దస్తగిరీ" అంది. 

పది గంటలకు గేటు దగ్గర షామియానా, మైకు, రిబ్బను సిద్ధం. సంచాలకులు గారు పెద్ద మనిషి, చక్రధరం గారికి ఈ విద్యంతా నేర్పిన గురువు. ఆయన గంటసేపు మాట్లాడి, కనిపించేదాన్ని నమ్మకండి అని ముగించి, కత్తెర అందుకున్నాడు. గేటు బయట మాళక్క మంద మిసమిసలాడుతూ నిలబడి ఉంది. గేటు లోపలి నుంచి పచ్చగడ్డి వాసన వస్తుంటే గొర్రెలు మెడలు చాస్తున్నాయి. మాళక్క కర్ర అడ్డం పెట్టి వాటిని ఆపుతూ, తల ఎత్తి ఫ్లెక్సీ చూసింది. ఒక్కసారిగా ఆమె మొహం మారిపోయింది.

"పెద్ద సారూ, ఒక్క మాట. గొర్రెను ముట్టుకున్న మనిషికి కూడా ఇదే రూలంట గదా?"

"అవశ్యం. సంపర్క వ్యక్తులు సైతం."

"ఈ పటంలో పొట్టేలును ఎత్తుకున్నది మన సారే. ఆ పొట్టేలు పొద్దున చచ్చిపాయ. మరి సారును సూడండి, ఎట్ల నిగనిగలాడతాండాడో! దగ్గు లేదు, కుంటు లేదు, యా లక్షణమూ లేదు."

సంచాలకులు గారు ఫ్లెక్సీని చూశాడు, చక్రధరం గారిని చూశాడు. "చక్రధరం గారూ, మీ ఆరోగ్యం ఎట్లా ఉంది?"

పై అధికారి అడిగితే ఇన్నేళ్లుగా చెప్పే జవాబు ఒక్కటే కదా. "మీ దయవల్ల దివ్యంగా ఉందండీ!" అనేశాడాయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

సంచాలకులు గారి కళ్లలో ఆనందబాష్పాలు. "సోదర సోదరీమణులారా! మన విభాగం తొలి మానవ అనుమానితుణ్ణి గుర్తించింది! అదీ మన విభాగంలోనే!" అని మైకులో ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. చక్రధరం గారికి దండ వేశారు. ఇస్త్రీ చొక్కా వీపు మీద అటెండరు ఎర్ర రంగు పూశాడు. రిబ్బను కత్తిరించి ఆయన్ను లోపలికి పంపి గేటుకు తాళం వేశారు. "తర్వాత మంద" అన్నాడు సంచాలకులు గారు.

ఆ మట్టిలో ఏముందో మా ఊళ్లో అందరికన్నా బాగా తెలిసినవాడు చక్రధరం గారే. ఆయన ఒంటికాలి మీద నిలబడ్డాడు. కాసేపటికి కాలు మార్చాడు. మూలన మిగిలిన పొట్టేళ్లలో ఒకటి ఉన్నట్టుండి ముందరి కాళ్ల మీద కూలబడింది. దాని ముక్కు చూడగానే ఆయన గేటు కమ్మీలు పట్టుకొని కేక పెట్టాడు.

"తెరవండి! ఇది దొమ్మదిబ్బ! పొద్దున చచ్చింది దొమ్మతోనే, ఇదీ దొమ్మే! నాకు మొదటి నుంచీ తెలుసు! ఆ మందను లోపలికి తోలకండి, ఒక్కటీ మిగలదు!"

మైకు ఆగిపోయింది. సంచాలకులు గారు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ఏమిటీ, రోగం ఫలానా అని తెలిసిపోయిందా? అందరి ముందూ?"

"తెలిసిపోయిందండీ!"

"అయితే ఇది గుప్త రోగం కాదు. మన పరిధిలోకి రాదు. అనవసరంగా నా ప్రయాణం దండగ చేశారు" అని విసుక్కుంటూ ఆయన కారెక్కాడు. పోతూ పోతూ స్థలాన్ని పశువుల ఆసుపత్రి వారికి అప్పగించమన్నాడు. వాళ్లు మర్నాడు పొద్దున్నే వచ్చారు. జీపులో ఉన్నదానితో సహా చచ్చిన పొట్టేళ్లను కోయకుండా లోతుగా పూడ్చి సున్నం పోశారు. ఊళ్లోని జీవాలన్నింటికీ టీకాలు వేశారు, మాళక్క మందతో మొదలుపెట్టి. పొట్టేళ్లను ముట్టుకున్నవాళ్లందరికీ పెద్దాసుపత్రి డాక్టరు మందులిచ్చాడు.

ప్రారంభోత్సవం రోజు గేటు తాళంచెవి మాత్రం సంచాలకులు గారి కారులోనే వెళ్లిపోయింది. అనుమానితుణ్ణి విడుదల చేయాలంటే లక్షణం కనబడాలని కాపలా అటెండరు పట్టుబట్టాడు. అటెండరుకు ఆ నియమం నేర్పింది చక్రధరం గారే కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. ఆ రోజు పొద్దు వాలుతుండగా మాళక్క గేటు దగ్గరకు పోయింది. లోపలి నుంచి ఆయన మెల్లగా అడిగాడు.

"అమ్మా... ఒక్క గింజ ఉందా?"

మాళక్క కొంగుముడి విప్పి ఒకటి ఇచ్చింది. మళ్లీ ఆలోచించి ఇంకొకటి ఇచ్చింది. "రెండు బూట్లకూ పెట్టుకో సామీ. ఒక్క కాలే కుంటితే దొంగ కుంటు అంటారు." ఆయన బాగానే కుంటి చూపించాడు. అటెండరు సంతృప్తి చెంది వీపు మీద పచ్చ రంగు పూసి, గొళ్లెం ఊడగొట్టి విడిచిపెట్టాడు.

దొడ్డి పోయింది. ఊరంతా కలిసి కంపను మళ్లీ దిబ్బ మీదకు లాగాము. ఒకచోట సందు మిగిలిపోతే మాళక్క విభాగం బోర్డును తెచ్చి అడ్డం పెట్టింది. సరిగ్గా సరిపోయింది. ఆ విభాగం మా ఊరికి చేసిన ఉపకారం అదొక్కటే.

మొన్న సంతకు పోతూ నేనూ మాళక్కా దిబ్బ దగ్గర ఆగి చెరొక కంపమండ వేశాము. మంద పక్కన నిలబడి ఉంది. అప్పుడే కొత్త జీపొకటి వచ్చి ఆగింది. అందులోంచి కొత్త అధికారి దిగాడు. జీపు మీద నిరుపయోగ స్థలాల వినియోగ విభాగం అని రాసి ఉంది. ఆయన కంప సందులోంచి తొంగి చూసి, "ఎంత పచ్చటి గడ్డి! ఇది ఎవరి పరిధిలోనిదయ్యా?" అన్నాడు.

మాళక్క నా వైపు చూసింది. ఆయనకు ఒక్క మాట కూడా జవాబు చెప్పకుండా కుంటుకుంటూ నడక మొదలుపెట్టింది. ఆమె వెనక నేనూ కుంటుకుంటూ నడిచాను. మా వెనక, గింజ లేకుండానే, ముసలి గొర్రె కుంటింది.